పాలలా తెల్లబడిన ప్లాస్మా

గ్యాస్ సిలిండర్ భుజాన మోసుకొచ్చిన మనిషికి తలుపు తీసిన కాపలావాడు “ఎవరు పంపారు?” అనేలోపే గొంతు తెగి కూలాడు. మెట్ల మీదున్న రెండోవాడు గన్ తీశాడు. సిలిండర్ ఎగిరొచ్చి వాడి మోకాళ్ళు విరగ్గొట్టింది. నుదుటి మీద ఒకే బుల్లెట్.

సిలిండర్ మోసుకొచ్చిన ఏజెంట్ ‘గద్ద’కి ఇది డ్యూటీ ఒక్కటే కాదు. ఈ విదేశీ ముఠా ఎత్తుకొచ్చింది అతని సొంత అక్కని. ఎలుకల రక్తంలో కొవ్వు తగ్గించే థైరాయిడ్ ఇంజక్షన్ తయారుచేసిన సైంటిస్టు ఆమె. డోసు పెంచితే అదే గుండెను ఆపేస్తుంది. ముఠాకి కావలసింది ఆ డోసు.

పై గదిలో ఎలుకల బోనులు, రక్తం తిప్పే సెంట్రిఫ్యూజ్. కుర్చీకి కట్టేసి అక్క అసిస్టెంట్. చెదిరిన జుట్టులోనూ అందమే.

“మూడు రోజులుగా మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదు,” ఏడ్చింది. “మేడమ్‌ని ఓడరేవుకి తీసుకెళ్ళారు. త్వరగా వెళ్ళండి!”

గద్ద కట్లు కోశాడు. అతని వెనకే మెట్లెక్కి వచ్చిన ఏజెన్సీ ముసలి డాక్టర్ సిరంజి తీశాడు.

“ఇప్పుడు రక్తం ఎందుకండీ?”

“ఆ మందు నీకూ ఎక్కించారేమో చూడాలమ్మా.”

ఈలోగా గద్ద మిగతా గదులు వెతికాడు. మంచం కింద దాక్కున్నవాడు కత్తితో లేచాడు. మళ్ళీ లేవలేదు.

చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ అరిచాడు. “ఓడ కదలబోతోంది. అక్కడ పేలు చూసుకుంటున్నావా?”

గద్ద మెట్ల వైపు పరిగెత్తాడు.

“ఆగవయ్యా బాబూ!” డాక్టర్ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పిన రక్తం ట్యూబ్ ఎత్తి చూపించాడు. అడుగున ఎర్రటి కణాలు. పైన ప్లాస్మా పాలలా తెల్లగా ఉంది. “పస్తున్నవాళ్ళకి ఇది తేటగా ఉండాలి. ఈ తెలుపు తిన్న కొవ్వుని మోసుకెళ్ళే లైపోప్రోటీన్లది. ఈ పిల్ల పొద్దున్నే వెన్న దట్టించింది.”

“జబ్బేమో?”

“ఇన్సులిన్ లేకపోయినా ఇలాగే పేరుకుంటుంది. అందుకే షుగర్ కూడా చూశా. బంగారంలా ఉంది.”

అసిస్టెంట్ బూటులోంచి పిస్టల్ లాగి కాల్చింది. డాక్టర్ భుజం చీలింది. గద్ద ఆమె మణికట్టు విరిచాడు. ఆమె అతని చెవి కొరికింది. ఇద్దరూ బోనుల మీద పడ్డారు. ఎలుకలు గదంతా చెల్లాచెదురయ్యాయి.

“అక్క ఎక్కడ?”

“గోడ వెనకే. బాంబుకి టైమర్ ఎప్పుడో పెట్టేశాం.” రక్తం ఉమ్మి నవ్వింది. “డోసు నా తలలో ఉంది. ఇక మీ అక్కతో పనేముంది?”

గద్ద ఆ తలని ఇనుప బోనుకేసి బాదాడు. నవ్వు ఆగేదాకా బాదాడు.

బోనులు కూలిన చోట చిన్న తలుపు. లోపల అక్క. నోటికి టేపు, నడుముకి బాంబు. ఐదు... నాలుగు... రెండు వైర్లూ నల్లవే! బాంబు కట్టేటప్పుడు చూసిన అక్క కళ్ళు ఎడమ వైరు వైపుకి తిప్పింది. గద్ద ఎడమ వైరు తెంపాడు. టైమర్ ఒకటి దగ్గర ఆగింది.

టేపు ఊడదీసి, మైక్‌లో చెప్పాడు. “చీఫ్, అక్క క్షేమం.”

“అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావ్?”

“తిడుతోంది సార్.”