పెద్దాయన మోపు

అడవిలో రాలినవి, ఎండినవి ఏరుకోవచ్చు. నిలబడ్డ చెట్టు మీద చెయ్యి వేయకూడదు. పర్మిట్ ఒక్కటికి వారానికి ఒక్క మోపు, అదీ పర్మిట్ ఉన్న మనిషి స్వయంగా వస్తేనే. మా ఇంట్లో రెండు పర్మిట్లు ఉన్నాయి. ఒకటి నాది, రెండోది మా మామగారిది. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఆ సంగతి ఆఫీసులో చెప్పలేదు. ఒక్క మోపు నాలుగు రోజులు కూడా రాదు, నాలుగేళ్ల పాపేమో చలికి దగ్గుతో మెలికలు తిరిగిపోతోంది. చెప్పడానికి నాకేమన్నా పిచ్చా?

ఆ మధ్యాహ్నానికి ఇంట్లో పుల్లముక్క లేదు. పాపను దుప్పట్లో చుట్టి పడుకోబెట్టి, బయట తాళం వేసి, నేనూ మా ఆవిడా బయల్దేరాం. నిద్ర లేచేలోపు వచ్చేస్తాంలే అనుకున్నాం.

గేటు దగ్గర గార్డు కొత్తవాడు. రెండు కాగితాలూ తిరగేసి చూశాడు.

"పెద్దాయనేడీ?"

"వెనకాల వస్తున్నారు సార్. మోకాళ్ల నొప్పులు, మెల్లగా నడుస్తారు."

అబద్ధం తడుముకోకుండా వచ్చింది. మా ఆవిడ తల దించుకుంది. గార్డు పుస్తకంలో ముగ్గురని రాసుకున్నాడు.

లోపల మంచు దట్టంగా దిగి ఉంది. పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. తడి ఆకులు కాళ్ల కింద మెత్తగా కుంగుతున్నాయి, ఎక్కడ చూసినా కుళ్లిన బెరడు వాసన. ఇద్దరం పక్కపక్కనే వంగి ఏరుకుంటున్నాం. ఒక మోపు కట్టేశాను, రెండోది సగమైంది.

ఫట్.

ఎవరో మోకాలికి ఆనించి పుల్ల విరిచిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ… ఫట్.

"ఎవరో మనలాంటి వాళ్లేలే," అన్నాను.

అప్పుడు వచ్చింది వాసన. ఘాటుగా, నొప్పుల మందు వాసన. మా ఆవిడ చేతిలోని పుల్లలు జారిపోయాయి.

"ఏవండీ… నాన్న."

"ఊరుకో."

అడుగుల చప్పుడు మా చుట్టూ తిరిగింది. ఒక కాలు ఈడుస్తూ… మెల్లగా. కాసేపటికి ఆ చప్పుడు గేటు వైపు వెళ్లిపోయింది.

చేతికందినంత కట్టుకుని బయటపడ్డాం. గార్డు నా భార్య నెత్తిమీది మోపు చూపించాడు.

"అది దింపమ్మా. మీ పెద్దాయన తన మోపు ఇందాకే పట్టుకెళ్లాడు. ఏమయ్యా, ముసలాయన చేత అంత బరువు మోయిస్తారా?"

"ఏమన్నా… చెప్పారా సార్?"

"ఇంట్లో పాప ఒక్కతే ఉందట. వీళ్లు రారు, నేనే వెళ్తానన్నాడు."

మోపులు రెండూ అక్కడే పడేసి పరిగెత్తాం. మా ఆవిడ నాకంటే ముందు పరిగెత్తింది. జీవితంలో అంత భయం నాకు ఎన్నడూ వేయలేదు.

మా ఇంటి పొగగొట్టం నుంచి పొగ వస్తోంది.

తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళం తీసి, తలుపు నెట్టాను. కదల్లేదు. లోపల గడియ పెట్టి ఉంది. స్టూలెక్కినా పాప చేతికి ఆ గడియ అందదు.

"తల్లీ…" మా ఆవిడ తలుపు సందుకు నోరు ఆనించి పిలిచింది. "తలుపెవరు వేశారమ్మా?"

"తాతయ్య." నిద్రమత్తు గొంతు.

"తియ్యమని చెప్పు, బంగారం."

లోపల ఏదో గుసగుస. తర్వాత పాప అంది, "ఇప్పుడు కాదట. తాతయ్యకి చాలా చలేస్తోందట. నన్ను ఒళ్లో పెట్టుకుంటే తగ్గుతుందట."

భుజంతో తలుపు గుద్దాను. మళ్లీ గుద్దాను. లోపల కట్టెలు పెళపెళ మండుతున్నాయి. తలుపు కింది సందులోంచి వచ్చిన గాలి మాత్రం మంచులా నా పాదాలకు తగిలింది.

మా ఆవిడ పిలుస్తూనే ఉంది. పాప మళ్లీ పలకలేదు.