సరిదిద్దిన గొంతు

"మీ అక్క బతికే ఉందయ్యా," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కుర్చీలోంచి లేచాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని 'చెవి' అంటారు. ఈ ఉద్యోగంలోకి రాకముందు సౌండ్ ఇంజనీర్. అక్క గాయని. సరిహద్దు అవతల, శత్రువుల రాజధానిలో పాటలు పాడుతూ మనకు సమాచారం పంపేది. ఏ మాట దగ్గర శ్రుతి వెంట్రుకవాసి తగ్గిస్తే ఆ మాట సందేశంలోది. ఆరు నెలలుగా ఆమె జాడ లేదు.

"నిన్న పాట వచ్చింది. సందేశం మూడు మాటలు. పొద్దువాలాక, పడవ, రండి. అక్కడున్న మన ముగ్గురు ఏజెంట్లకీ కబురంపేశాను. ఆమె కూడా వాళ్ళతోనే వస్తుంది. రేవు దగ్గర నువ్వే ఎదురెళ్ళి తీసుకురా."

చెవి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. అక్క గొంతే. రెండోసారి విన్నాడు. మూడోసారి వినేసరికి ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"సార్, ఇది అక్క పాడిన పాటే. కానీ ఇలా పాడలేదు. అక్క ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. ఇక్కడ మెట్లు దిగినట్టుంది. పిచ్ కరెక్షన్‌తో ఎవరో స్వరాలు జరిపారు. పైగా మైకుకి దగ్గరగా వస్తే గొంతులో బరువు పెరగాలి. ఊపిరి దగ్గరైంది, బరువు పెరగలేదు. చవక మైకులో పాడిన పాటకి మైక్ మోడలింగ్‌తో ఖరీదైన మైకు వేషం వేశారు."

"నీ చెవిని నమ్మి ముగ్గుర్ని ఆపితే, వాళ్ళకి ఇంకో పడవ దొరకదు. రుజువు తీసుకురా. పొద్దువాలేలోపు."

పాటలు ఇటువైపు చేరేది మేడమ్ స్టూడియోకి. ఆమె మ్యూజిక్ ప్రొడ్యూసర్, డిపార్ట్‌మెంట్ మనిషి. నల్ల పట్టుచీర, ముత్యాల దుద్దులు, ఎదుటివాడు చెప్పాలనుకున్నది మర్చిపోయేంత చక్కటి నవ్వు. నెరిసిన విగ్గు, మందపాటి కళ్ళద్దాలు పెట్టుకుని చెవి మైకుల మెకానిక్‌గా వెళ్ళాడు. చొక్కా గుండీలో ట్రాన్స్‌మిటర్, విగ్గు కింద ఇయర్‌పీస్. అవతల చీఫ్ వింటున్నాడు.

"బాబాయ్, ఆ మైకు గరగరమంటోంది. కాస్త చూడు," అని మేడమ్ ఫోన్ మాట్లాడ్డానికి బయటికెళ్ళింది.

చెవి కంప్యూటర్ ముందుకు జరిగాడు. పాట ఫైలు తెరిచాడు. వాయిద్యాలన్నీ ఆపి గొంతొక్కటే ఉంచాడు. పిచ్ కరెక్షన్ తీసేశాడు. స్వరాలు మళ్ళీ జారాయి. మైక్ మోడలింగ్ తీసేశాడు. స్టూడియో మాయమై ఇరుకు వంటగది మిగిలింది. చరణం చివర, అక్క గొంతు వెనకాల, ఎవరో దగ్గారు.

అమ్మ.

ఆ పాట రికార్డు చేసింది తనే. అమ్మ పోయి మూడేళ్ళయింది. అక్క వెళుతూ పట్టుకెళ్ళిన ఇంటి రికార్డింగ్ ఇది. అక్క పాడగలిగే స్థితిలో ఉంటే వీళ్ళకి పాత పాటతో పనేమిటి?

"బాగా పాడేది కదూ?"

గుమ్మంలో మేడమ్. చేతిలో చిన్న పిస్టల్.

"అక్క ఎక్కడ?" అన్నాడు చెవి.

"ఓ, తమ్ముడివా!" ఆమె నవ్వు ఒక్క క్షణం తడబడింది. "పోయిన చలికాలంలోనే పోయింది. ఎన్ని బాధలు పెట్టినా నోరు విప్పలేదట. ఆ ముగ్గురూ ఎక్కడున్నారో చెప్పలేదు. అందుకే వాళ్ళే పడవ దగ్గరికి వచ్చేలా మేం ఆమె చేత పాడించాం."

చెవి పక్కనున్న గరగరల మైకు లాగి స్పీకర్‌కి ఆనించి వాల్యూమ్ చివరిదాకా పెంచాడు. గది కేకేసింది. మేడమ్ చేతులు చెవుల మీదికెళ్ళాయి. ఒక్క అంగలో పిస్టల్ అతని చేతిలోకొచ్చింది.

"విన్నారా సార్?"

"విన్నాను. ముగ్గుర్నీ ఆపుతున్నాను," అన్నాడు చీఫ్.

నది అవతలి రేవులో ముగ్గురిలో మొదటివాడు పడవెక్కే బల్ల మీద కాలు పెట్టాడు. అప్పుడే అతని ఇయర్‌పీస్ బుస్సుమని, 'ఆగు' అంది. కాలు వెనక్కి తీసుకుని, ఏదో మర్చిపోయినవాడిలా జేబులు తడుముకుంటూ జనంలో కలిసిపోయాడు. మిగతా ఇద్దరూ అంతే. పడవలో జాలర్ల వేషంలో కూర్చున్న శత్రు సైనికులు చీకటి పడేదాకా ఎదురుచూశారు.

స్టూడియోలో మేడమ్‌కి బేడీలు వేసి తీసుకెళ్ళారు. ఫైలు స్వాధీనం చేసుకోడానికి వచ్చిన ఆఫీసర్‌ని చెవి ఆగమన్నాడు. పాట చివరిదాకా విన్నాడు. అయిపోయాక విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు చీఫ్ తన గదిలోకి పిలిచాడు.

"మీ అక్కకి పతకం ఇస్తున్నారు. కాకపోతే రహస్యంగా. సభ ఉండదు, చప్పట్లు ఉండవు. ఎవరికీ చెప్పకూడదు."

"చప్పట్లు లేకుండా సన్మానమా!" అన్నాడు చెవి, కళ్ళు తుడుచుకుంటూ. "పాడేవాళ్ళకి అంతకన్నా పెద్ద శిక్ష లేదు సార్."