ఉడుకునీళ్ళ సత్రంలో పైడి

చలికాలంలో పొయ్యి దగ్గర కూర్చోవడం మీకు ఇష్టమే కదా. చేతులు చాపగానే వేళ్ళకు వెచ్చగా తగులుతుంది. ఆ పొయ్యిలో మంట ఉండి కూడా వేడి లేకపోతే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. దీపాలకొండ రాజ్యానికి వచ్చిన కష్టం అదే.

ఆ రాజ్యాన్ని చిత్రభానుడనే రాజు ఏలుతుండేవాడు. ఒకనాడు నిండు సభలో ఆయన, "నా కోటలో వెయ్యి పొయ్యిలున్నాయి. చలికాలానికి నా గుమ్మం తొక్కే ధైర్యం లేదు" అన్నాడు. ఉత్తరపు కొండల్లో ఉండే శీతలాక్షి అనే మంచు రక్కసి చెవిన ఆ మాట పడింది. ఆ సాయంత్రమే పొగమంచులా కోటలోకి వచ్చి, పొడుగాటి నీలం నాలుకతో వెయ్యి పొయ్యిలనూ నాకి వెళ్ళిపోయింది. మంట ఎర్రగానే మండుతోంది. చెయ్యి పెడితే మాత్రం బావిలో పెట్టినట్టుంది. ఎసరు కాగలేదు, బియ్యం ఉడకలేదు. మనుషుల కాళ్ళు కొయ్యబారడం మొదలైంది.

అందరికంటే ముందు కొయ్యబారింది గంగులమ్మ. ఆమె కోటలో నీళ్ళు కాచే మనిషి. రోజంతా పొయ్యికి ఆనుకుని కూర్చునేది కాబట్టి ఆ చలి మొదట ఆమెనే పట్టింది. వేళ్ళు తెల్లబడ్డాయి, మర్నాటికి చీలమండలు గట్టిపడ్డాయి. రాజవైద్యుడు చూసి, "ఇవాళ్టికి ఇరవయ్యో రోజున, పొద్దు గుంకేసరికి చలి గుండెకు చేరుతుంది. నా దగ్గర మందు లేదు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

గంగులమ్మకు ఒక్కతే కూతురు. పేరు పైడి, వయసు పద్నాలుగేళ్ళు. ఏడో ఏట నుంచి తల్లితో పాటు నీళ్ళు మోసిన పిల్ల. నలుగురిలో తలెత్తి మాట్లాడడం ఆమెకు చేతకాదు. అప్పటికే రాజు పంపిన సైనికులు రక్కసి మీదికి వెళ్ళి, కత్తులు మంచులో ఇరుక్కుపోగా వణుక్కుంటూ తిరిగొచ్చారు. పైడిని ఎవరూ ఏమీ అడగలేదు. పైడీ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడవి చివర పుట్టలో తపస్సు చేసుకునే ముని ఉన్నాడని వంటవాళ్ళు అనుకుంటుంటే విని, తల్లి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, మునిని అడిగొస్తాను."

"ఓలె, అంతదూరం నువ్వెల్లి ఏటి సేత్తావే? ఆ కాగు తోమీసి ఎల్లు" అంది గంగులమ్మ. కాళ్ళు కదపలేకపోయినా ఆమె బెంగ నీళ్ళు కాచే కాగు మీదే.

పైడి కాగు తోమేసి ఆ రోజే బయలుదేరింది.

మూడు రోజులు నడిస్తే అడవి చివర వచ్చింది. ముని నడుం దాకా పుట్టలో కూరుకుపోయి ఉన్నాడు. అంతా విని నిట్టూర్చాడు.

"పోయిన వేడిని మంత్రంతో తెప్పించలేను తల్లీ. తూర్పు సముద్రం అవతల, సూర్యుడు ముందుగా పొడిచే ఉదయద్వీపంలో, మంచుకొండ మీద ఉడుకునీళ్ళ సత్రం ఉంది. భూమి కడుపులోంచి వచ్చే నీళ్ళవి. ఆ వేడిని ఏ రక్కసీ నాకలేదు."

"కుండ అట్టుకెల్తే సాలా, సామీ?"

"కుండలో చల్లారిపోతుంది. మనిషి ఒంట్లోనే మోసుకు రావాలి. ఆ సత్రంలో వరసగా మూడు రోజులు అతిథిగా ఉంటే వేడి నీలో చేరుతుంది."

"అతిథిగా ఉండి ఏటి సెయ్యాల?"

"ఏమీ చెయ్యకూడదు."

పైడి మొహం విప్పారింది. ఇంత తేలికైన పరీక్షా అనుకుంది. ముని ఆమె అరచేతుల్లోని కాయల వంక చూసి, సముద్రం వైపు దారి చూపించాడు.

అడవిని ఆనుకునే ఉన్న సముద్రపు ఒడ్డున ఒక మంచుబండ మీద శీతలాక్షి కూర్చుని ఉంది. ఆమె చుట్టూ అలలు గడ్డకట్టి నిలబడిపోయాయి.

"ఎవరే నువ్వు? నీళ్ళు కాచేదాని కూతురివా?" అని రక్కసి నవ్వింది. "మీ రాజు మొన్న కత్తులు పంపాడు. ఇప్పుడు చెంబులు పంపుతున్నాడా?"

పైడి తల దించుకుని బండ పక్కగా నడవబోయింది.

"పో, నిన్ను ఆపే పని నాకు లేదు. ఆ సత్రంలో నీ చేతులే నిన్ను ఓడిస్తాయి" అంది రక్కసి.

అక్కడికి కాస్త దూరంలో కుంటుతూ ఒక పెద్ద కొంగ కనిపించింది. దాని మెడ తాటిచెట్టంత పొడవుంది. పైడి భయపడుతూనే దారి అడిగింది.

"నేనూ అక్కడికే" అంది కొంగ. "ఏటా చలికాలంలో ఈ కాలు ఆ నీళ్ళలో నానబెట్టుకోవాలి. వీపెక్కు. మెడ మాత్రం పట్టుకోకు, కితకితలు."

నాలుగు పగళ్ళు ఎగిరి ఆ కొంగ ఆమెను మంచుకొండ మీద దించింది. ఇంటి నుంచి బయలుదేరి ఏడు రోజులైంది. తిరిగి వెళ్ళడానికి ఇంకో ఏడు కావాలి. మధ్యలో మిగిలినవి ఆరు. సత్రంలో ఉండాల్సింది మూడే. పైడి వేళ్ళ మీద లెక్క చూసుకుని, ఎందుకైనా మంచిదని మళ్ళీ ఒకసారి చూసుకుంది.

సత్రం మొత్తం చెక్కతో కట్టినది. గోడలకు బదులు పక్కకు జరిపే కాగితపు తలుపులు. నేల నిండా మందపాటి గడ్డిచాపలు. వెనకవైపు నల్లటి రాళ్ళ మధ్య మడుగులో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. నెత్తిన మంచు కురుస్తున్నా లెక్కచెయ్యకుండా ఎర్రమూతి కోతులు పీకల దాకా మునిగి కూర్చున్నాయి. కొంగ కూడా వెళ్ళి వాటి పక్కన కాలు పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

గుమ్మంలో సత్రం యజమానురాలు ఎదురొచ్చింది. అక్కడ ఆమెను ఓకామి అంటారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు తాకేలా పైడికి దండం పెట్టింది. పెద్దవాళ్ళు దండం పెడితే చిన్నవాళ్ళ ఆయుష్షు తరిగిపోతుందని తల్లి చెబుతుండేది. చటుక్కున పక్కకు తప్పుకుంది. ఆ దండం కాస్తా గుమ్మానికి తగిలింది.

"మా దగ్గర అతిథి పక్కకు తప్పుకోదమ్మా" అంది ఓకామి నవ్వు ఆపుకుంటూ. "ఇక్కడ ఒకటే నియమం. మూడు రోజులు నువ్వు పని ముట్టకూడదు. ముడితే ఆ రోజుతో లెక్క పోతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలు. నీకు కావలసినవన్నీ ఫుమి అవ్వ చూస్తుంది."

ఫుమి అవ్వ డెబ్బై ఏళ్ళ మనిషి. వంగిపోయిన నడుము, అడుగు వేస్తే కిర్రుమనే మోకాళ్ళు. ఆమె కింద కూర్చుని పైడి కాళ్ళ చెప్పులు విప్పబోయింది. పైడి కాళ్ళు వెనక్కి లాక్కుంది. అవ్వ మళ్ళీ పట్టుకుంది. "కాళ్ళు ఇంటికి తీసుకుపోను, మళ్ళీ ఇచ్చేస్తాలే" అంది.

అవ్వ పైడికి మెత్తటి పొడుగు అంగీ తొడిగింది, వేడి తేనీరు ఇచ్చింది. సాయంత్రం చిన్న చిన్న గిన్నెల్లో పదకొండు రకాలు తెచ్చి ముందు పెట్టింది. ఇంత తిండి తన కోసమే వండారంటే పైడికి ముద్ద దిగలేదు. ఎలాగో తిన్నది. తరవాత ఏం జరిగిందో ఆమెకే తెలియదు. తిన్న గిన్నెలు అక్కడే వదిలేయడం పుట్టి ఎరగదు. చేతులు వాటంతట అవే గిన్నెలు పోగుచేసి, బయటి తొట్టి దగ్గరికి పట్టుకెళ్ళి, కడిగి బోర్లించాయి.

మడుగు మీది పొగ ఠక్కున ఆగిపోయింది. కోతులు కీచుమంటూ లేచాయి.

"మొదటి రోజు పోయింది" అంది ఓకామి గుమ్మంలోంచి. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే పైడికి ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

మర్నాడు మళ్ళీ మొదటి రోజు మొదలైంది. పైడి చేతులు రెండూ అంగీ చేతుల్లోకి ముడుచుకుని కదలకుండా కూర్చుంది. మడుగులో పొగ తిరిగి లేచింది. ఆ రోజు గడిచింది. తెల్లారి నిద్ర లేచీ లేవగానే, కళ్ళు కూడా పూర్తిగా తెరవకుండానే, పక్క దులిపి మడతపెట్టి మూల పెట్టింది. పెట్టాక గాని గుర్తు రాలేదు. మడుగు మీద పొగ లేదని చూడక్కర్లేకుండానే తెలిసింది. ఆ రోజూ, గడిచిన రోజూ, రెండూ పోయాయి.

ఇప్పుడు మిగిలింది సరిగ్గా మూడు రోజులు. ఒక్క పూట కూడా ఎక్కువ లేదు. ఇంకోసారి చెయ్యి జారితే అమ్మ లేదు.

"నన్ను కట్టీయండి" అంది ఓకామితో. "ఈ సేతులు రెండూ తాడుతో కట్టీయండి. నాకు కూకోడం రాదు."

"కట్టేస్తే ఖైదీవి అవుతావు, అతిథివి కావు" అంది ఓకామి.

చేసేదేమీ లేక పైడి కిటికీ దగ్గర కూర్చుంది. బయట ఆగకుండా మంచు పడుతోంది. అక్కడ అమ్మకు చలి ఎంత దాకా ఎక్కిందో తెలియదు. తెలిసినా చెయ్యగలిగింది లేదు. నీళ్ళు మొయ్యమంటే మొయ్యగలదు. కట్టెలు కొట్టమంటే కొట్టగలదు. కొండ తవ్వమన్నా తవ్వేది. ఏమీ చెయ్యొద్దంటే ఆమె దగ్గర ఏ బలమూ లేదు.

అన్నిటికంటే కష్టం ఫుమి అవ్వ మెట్లెక్కడం వినడం. వంటిల్లు కింద, పైడి గది పైన. మధ్యలో పదిహేడు మెట్లు. పూటపూటా అవ్వ బరువైన పళ్ళెం పట్టుకుని ఎక్కేది. మెట్టు మెట్టుకూ మోకాలు కిర్రుమనేది. పైడి పళ్ళు బిగబట్టి ఒక్కో మెట్టూ లెక్కపెట్టేది. కొత్త లెక్కలో రెండో రోజు సాయంత్రం పన్నెండో మెట్టు దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది. అవ్వ ఆయాసం వినిపిస్తోంది. పైడి లేచి నిలబడింది. తలుపు మీద చెయ్యి వేసింది. అక్కడే ఆగిపోయి, తలుపుకు నుదురు ఆనించి ఏడ్చింది.

కాసేపటికి మళ్ళీ మెట్లు కిర్రుమన్నాయి. అవ్వ లోపలికి వచ్చి పళ్ళెం దించింది.

"అవ్వా, నీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళకేం, నాకంటే గట్టివి" అంది అవ్వ, ఆమె ఎదురుగా కూర్చుంటూ. "యాభై ఏళ్ళుగా ఈ మెట్లెక్కుతున్నా. రాజులొచ్చారు, సేనాపతులొచ్చారు. ఒక్కరూ నా మోకాళ్ళ మాట అడగలేదు. నువ్వు పన్నెండో మెట్టు దాకా నాతో ఎక్కావని నాకు తెలుసులే. చారు చల్లారుతోంది, తాగు. నేనే కాచాను. నువ్వు తాగకపోతే మాత్రం ఎక్కిందంతా దండగ."

పైడి గిన్నె అందుకుంది. కన్నీళ్ళు చారులో పడ్డాయి. "ఉప్పు సరిపోయిందా?" అంది అవ్వ. పైడికి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ రోజు మొదటిసారి గిన్నె ఖాళీ చేసింది.

మూడో రోజు అవ్వ ఆమెను మడుగు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడి పద్ధతి ప్రకారం ముందు గట్టున కూర్చుని ఒళ్ళు రుద్దుకుని, ఆ తరవాతే నీళ్ళలో దిగాలి. పైడి సిగ్గుతో ముడుచుకుపోయింది. అవ్వ వెనక కూర్చుని, గుడ్డతో ఆమె వీపు రుద్దింది. ఆ చెయ్యి గరుకుగా, అమ్మ చెయ్యిలా ఉంది. కోటలో అందరి స్నానాలూ అయ్యాక మిగిలిన గోరువెచ్చటి అడుగునీళ్ళే పైడివి. కాగులో మొదటి నీళ్ళు ఎంత వేడిగా ఉంటాయో ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. అవ్వ నీళ్ళు పోస్తుంటే వద్దనలేదు. తప్పుకోలేదు. మడుగులో దిగి, కోతుల మధ్య పీకల దాకా మునిగి కూర్చుంది. నెత్తిన మంచు పడుతుంటే, పాదాల నుంచి మెల్లగా వేడి పైకి పాకింది.

పొద్దు వాలాక ఓకామి వచ్చి, "ఇక బయలుదేరమ్మా" అంది. గుమ్మంలో ఓకామీ, అవ్వా వంగి దండం పెట్టారు. పైడి ఈసారి తప్పుకోకుండా నిలబడి అందుకుంది.

కొంగ నాలుగు పగళ్ళు ఎగిరి ఆమెను ఒడ్డున దించింది. బండ మీది శీతలాక్షి ఆమెను చూసి నాలుక చాపబోయి, ఆ వేడి తగలగానే వెనక్కి జరిగింది. పైడి బండ పక్కగానే దాటిపోయింది. మూడు రోజులు అడవిలో ఆగకుండా నడిచి ఇరవయ్యో రోజు సాయంత్రానికి కోట చేరింది. వీధుల్లో మనుషులు నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే కొయ్యలై ఉన్నారు. సింహాసనం మీద రాజుకు కళ్ళు మాత్రమే కదులుతున్నాయి.

గంగులమ్మ చల్లటి మంట ముందు కూర్చునే ఉంది. మెడ దాకా తెల్లబడింది. పైడి కాగులో చెయ్యి ముంచింది. నీళ్ళు పొగలు కక్కాయి. చెంబుతో తోడి తల్లి భుజాల మీద పోసింది. రెండో చెంబుకు గంగులమ్మ కళ్ళు తెరిచింది. మూడో చెంబుకు చేతులు కదిలాయి. కదిలీ కదలగానే ఆమె లేవబోయింది.

"పొద్దుపోనాదేటే? బాబుగారి నీళ్ళు కాగినాయా?"

కాగు మీది పొగ సన్నగిల్లింది.

"కూకో అమ్మా."

"నానుండగా నువ్వు పొయ్యడమేటే? ఆ సెంబిటియ్యి."

పైడి ఆమెను పట్టుకుంది. పట్టుకున్నకొద్దీ తల్లి పెనుగులాడుతోంది. పొగ ఇంకా పలచబడుతోంది. కిటికీలో పొద్దు ఎర్రబడింది. అమ్మ కూడా అతిథిలా ఊరికే కూర్చుంటేనే వేడి నిలుస్తుందని, అది బలంతో అయ్యే పని కాదని పైడికి తెలుసు. చెంబు కింద పెట్టి తల్లి ముందు కూర్చుంది.

"అమ్మా, నాకూ కూకోడం రానేదు. రెండుమార్లు ఓడిపోనాను. ఒకపాలి గిన్నెలు కడిగీసినాను, ఒకపాలి పక్క మడతెట్టీసినాను. ఆ రెండింటికీ మూడు రోజులు పోనాయి. ఇంక రోజుల్నేవు. నువ్వు లెగిస్తే నాను సేసేదేటీ నేదు."

గంగులమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఆ నీళ్ళు మోసే పిల్ల మొహాన్ని ఎప్పుడూ అంత దగ్గరగా చూసినట్టు లేదు. మెల్లగా వెనక్కి కూర్చుని, తన రెండు చేతులూ ఊరికే ఉండవని తెలిసి, వాటిని తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

"పొయ్యి" అంది.

పైడి తల్లి వీపు రుద్దింది. మొదటి నీళ్ళు పోసింది. ఆఖరి చెంబుకు గంగులమ్మ పెదాలు ఎర్రబడ్డాయి. ఎదురుగా పొయ్యిలో మంట చిటపటమంది. ఆ పక్క పొయ్యి, దాని పక్క పొయ్యి, అలా వెయ్యి పొయ్యిలూ వెచ్చబడ్డాయి. ఎక్కడో ఎసరు పొంగి మూత ఎగిరిపడింది. వీధుల్లో జనం మోకాళ్ళు రుద్దుకుంటూ నడవడం మొదలుపెట్టారు. ఆ వేడి గాలికి శీతలాక్షి బండతో సహా కరిగి సముద్రంలో కలిసిపోయింది.

రాజు నడుచుకుంటూ నీళ్ళు కాచే గదికి వచ్చి, ఏం కావాలో కోరుకోమన్నాడు. పైడి తలొంచుకునే, పని చేసేవాళ్ళు మూడు రోజులు ఊరికే కూర్చోవడానికి ఒక సత్రం కావాలని చెప్పింది. రాజు కొండ అంచున సత్రం కట్టించి, అక్కడ తన ఆజ్ఞ కూడా చెల్లదనీ పైడి మాటే చెల్లుతుందనీ చాటింపు వేయించాడు. పైడి దానికి రాణిలా చాలాకాలం సుఖంగా ఉంది.

ఆ సత్రానికి మొదటి అతిథి గంగులమ్మ. మూడు రోజులూ ఉంటానని మాటిచ్చింది. రెండో రోజు మధ్యాహ్నానికి వంటింట్లో దొరికింది.