రెండు, మూడు, నాలుగు

హాలిఫాక్స్ నుంచి లండన్ వెళ్లే దారిలో, లెస్టర్ దగ్గర, హైవే పక్కన ఒక క్యాంటీన్ ఉంది. రేడియో రికార్డింగుకు బయల్దేరిన ప్రతిసారీ మా బ్యాండు వ్యాను అక్కడ ఆగాల్సిందే. ముప్పై ఏళ్లలో దాని పేరు మూడుసార్లు మారింది. టీ మాత్రం మారలేదు. అప్పుడూ కుడితే, ఇప్పుడూ కుడితే.

ఆ డిసెంబరు ఉదయం కూడా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. మా బ్యాండులో పాడుతూ గిటారు వాయించే డెస్మండ్ ఒక బేకన్ శాండ్‌విచ్ తింటూ సాసంతా చొక్కా మీద పోసుకున్నాడు.

"డెస్ మామా, చొక్కా కూడా తినేస్తావా ఏంటి?" అంది మా అమ్మాయి టామ్సిన్.

"ఈ టీ తాగడం కంటే చొక్కా తినడమే నయం" అన్నాడు డెస్మండ్.

టామ్సిన్ నవ్వి రెండు చెంచాలు అందుకుంది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెట్టి బల్ల మీద వాయించడం మొదలుపెట్టింది. పక్క బల్ల వాళ్లు చూస్తున్నా నేను ఆపలేదు. ఆ పిల్ల నోట 'ఒకటి' అన్న మాట వినిపిస్తే చాలు, నా ప్రాణం కాస్త కుదుటపడేది. ఎందుకో చెప్పాలంటే ముందు క్లైవ్ సంగతి చెప్పాలి.

మా బ్యాండు పేరు 'కోల్డ్ డిపో'. బస్ డిపో మీద చలి కొట్టే గదిలో సాధన చేసేవాళ్లం కాబట్టి ఆ పేరు. ముగ్గురమే. డెస్మండ్, బేస్ గిటారు వాయించే నేను, డ్రమ్స్ వాయించే క్లైవ్ ఆక్రాయిడ్. క్లైవ్ నా భుజాల దాకా వచ్చేవాడు. నన్ను 'నిచ్చెనా' అని పిలిచేవాడు. వాడు తప్ప ఇంకెవరూ అలా పిలవలేదు, పిలిస్తే ఊరుకునేదాన్నీ కాదు.

వాడికి రెండు అలవాట్లుండేవి. పాట మొదలయ్యే ముందు రెండు స్టిక్స్ కొనల మీదా నోటితో ఊదేవాడు. తర్వాత అందరిలా ఒకటి నుంచి కాకుండా రెండు నుంచి లెక్కపెట్టేవాడు. "రెండు, మూడు, నాలుగు." ఆ ముందు ఒక్క క్షణం నిశ్శబ్దం ఉండేది. ఒకటి ఏదిరా అని అడిగితే, "ఒకటి నాది. నీకెందుకు?" అనేవాడు. ఆ మాట నాతోనే అనేవాడు, డిపో మెట్ల మీద మేమిద్దరమే ఉన్నప్పుడు. డెస్మండ్‌కి కూడా తెలీదు.

మొదటి రేడియో సెషన్ డెబ్భై తొమ్మిదిలో చేశాం. ఒక్క రోజులో నాలుగు పాటలు, పొద్దున మొదలుపెట్టి రాత్రికల్లా తేల్చేయాలి. రెండు వారాల తర్వాత రాత్రి కార్యక్రమంలో వేస్తారు. పాటలయ్యాక అనౌన్సరు వాయించిన వాళ్ల పేర్లు చదువుతాడు. మా ఊరి కుర్రకారుకి ఆ పేర్లు చదవడమే పెద్ద గౌరవం. అందుకని స్టూడియోలో ఒక కాగితం ఉండేది. ఎవరు ఏం వాయించారో రాసి, ఎదురుగా సంతకం పెట్టాలి. రేడియోలో చదివేది ఆ కాగితమే.

ఎనభై ఒకటి జనవరిలో రెండో సెషన్‌కి ఉత్తరం వచ్చింది. అది వచ్చిన నాలుగో రోజున, మంచు పట్టిన రోడ్డు మీద మోటారుసైకిలు జారి క్లైవ్ పోయాడు.

"రేడియోకి చెప్పొద్దు" అన్నాడు డెస్మండ్, పాతిపెట్టి వచ్చిన రోజు సాయంత్రమే. "చెప్తే ఆ తేదీ వేరేవాళ్లకిచ్చేస్తారు. మళ్లీ మన మొహం ఎవడు చూస్తాడు?"

నేను కాదనలేదు. ఇరవై రెండేళ్ల వయసు, సిగ్గు కంటే ఆశ ఎక్కువ. డిపోలో క్లైవ్ వాయించిన డ్రమ్స్ ఒక క్యాసెట్‌లో ఉన్నాయి. డ్రమ్మరుకి జ్వరమని స్టూడియోలో అబద్ధమాడి, ఆ క్యాసెట్ పెట్టి, మేమిద్దరం దాని మీద వాయించాం. కాగితంలో డ్రమ్స్ ఎదురుగా 'క్లైవ్ ఆక్రాయిడ్' అని రాశాం. వాడి సంతకం నేనే పెట్టాను.

రేడియోలో వాడి పేరు చదివిన రాత్రి మా ఇంటికి ఫోన్ వచ్చింది. క్లైవ్ వాళ్లమ్మ.

"అమ్మాయ్ గేనర్, వాడి పేరు చెప్పారే."

రిసీవరు చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"అయితే వాడు అక్కడున్నాడన్నమాట" అంది ఆవిడ. ఏడవలేదు. సంతోషంగానే అంది. ఫోన్ పెట్టేసింది.

మూడో సెషన్‌కి రాయిస్టన్ అనే కుర్రాణ్ణి తీసుకెళ్లాం. ఈసారి కాగితం నిజాయితీగా రాశాం. డ్రమ్స్, రాయిస్టన్. మధ్యాహ్నం దాకా చెమటలు కారేలా వాయించాడు పాపం. టేపు వెనక్కి తిప్పి వింటే గిటారు ఉంది, బేస్ ఉంది, డెస్మండ్ గొంతు ఉంది... డ్రమ్స్ లేవు. ఇంజినీరు వైర్లన్నీ మార్చాడు. మళ్లీ అంతే. రాయిస్టన్ స్టూలు మీంచి లేచాడు. వేళ్లు గోళ్ల దాకా నీలం తిరిగాయి.

"ఎవరో నా ఒళ్లో కూర్చున్నట్టుంది" అన్నాడు.

డెస్మండ్ నా వైపు చూశాడు. ఎవరికీ చెప్పుకోలేం, తేలు కుట్టిన దొంగలం ఇద్దరం. వాడే వెళ్లి డ్రమ్స్ వరసలో క్లైవ్ పేరు రాశాడు, రాయిస్టన్ పేరు కింది వరసలోకి దించాడు. నేను సంతకం పెట్టాను. తర్వాత వాయించిందంతా టేపులో పడింది. రాయిస్టన్ మాత్రం మళ్లీ స్టిక్స్ పట్టుకోలేదు. హాలిఫాక్స్‌లోనే తాళాల దుకాణం పెట్టుకున్నాడు. వేసవిలో కూడా చేతులకి ఉన్ని తొడుగులుంటాయి.

అప్పట్నుంచి అదే మా ఆచారం. పై వరసలో క్లైవ్, కింది వరసలో బతికున్నవాడు. డ్రమ్మర్లు మారారు, ఇంజినీర్లు మారారు, క్లైవ్ పేరు మారలేదు. ఎనిమిదో సెషన్ దాకా అలాగే గడిచింది. అదేమిటని ఎవరూ అడగలేదు. బ్యాండు వాళ్లు పిచ్చివాళ్లని అందరికీ తెలుసు.

తొమ్మిదోదానికి పది రోజుల ముందు మా డ్రమ్మరు నడుం పట్టేసి మంచమెక్కాడు. డ్రమ్స్ నేను వాయిస్తానని టామ్సిన్ పట్టుబట్టింది. వద్దని నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను.

"పేరు రాస్తాం కదే, ఏమవుతుంది?" అని నచ్చజెప్పాడు డెస్మండ్. ఉన్న ఒక్క కూతుర్ని వ్యానెక్కించాను. అదీ సంగతి.

స్టూడియో నేల అడుగున ఉంటుంది. కిటికీలు లేవు. తలుపు మూసుకుంటే పగలైనా రాత్రైనా ఒకటే. లోపల పాత తివాచీ వాసన, వేడెక్కిన దీపాల దుమ్ము వాసన. గోడలు మాటని మింగేస్తాయి. చప్పట్లు కొడితే ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు అక్కడే ఆగిపోతుంది.

ఇంజినీరు ఫిలిపా అనే కొత్తమ్మాయి. పద్ధతైన మనిషి. కాగితం ముందే కంప్యూటర్లో కొట్టి తీసుకొచ్చింది. మూడు గడులు. డెస్మండ్, గేనర్, టామ్సిన్. కింద ఖాళీ వరస కూడా లేదు.

"ఇంకో పేరు కలపాలమ్మా" అన్నాను.

"వాళ్లు వచ్చారా?"

"రారు."

"గేటు దగ్గర బ్యాడ్జీ తీసుకోని మనిషి పేరు రాయడానికి లేదండీ. ఇప్పుడు రూల్స్ అలా ఉన్నాయి."

"క్లైవ్ అంకుల్ పేరేగా?" అంది టామ్సిన్. "చచ్చిపోయినాయన పేరెందుకమ్మా ప్రతిసారీ? ఈ ఒక్కసారి నా పేరు చదవనీ. నా ఫ్రెండ్స్ అందరూ వింటారు."

ఆ మొహం చూసి నోరు మూసుకున్నాను. అక్కడే వ్యాను తాళాలు లాక్కుని పిల్లని ఇంటికి తీసుకుపోవాల్సింది. డెస్మండ్ నా మోచెయ్యి పట్టుకుని, "అంతా పాత కాలం సంగతే. వైర్ల లోపమే అయ్యుంటుంది" అని గొణిగాడు.

ముగ్గురం సంతకాలు పెట్టాం. ఎర్ర దీపం వెలిగింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు!" అంది టామ్సిన్.

బాగా వాయించింది. నా కూతురని చెప్పడం కాదు, నిజంగా బాగా వాయించింది. అద్దం అవతల కంప్యూటర్ తెర మీద గీతలన్నీ ఎగిరిపడడం నా కళ్లతో చూశాను. పాట అయ్యాక ఫిలిపా దాన్ని మళ్లీ మొదట్నుంచి వేసింది. హెడ్‌ఫోన్లు చెవులకి నొక్కుకుని విన్నాను.

నిశ్శబ్దం.

తర్వాత టామ్సిన్ గొంతు... "రెండు, మూడు, నాలుగు."

ఒకటి లేదు.

తర్వాత నా బేస్. డెస్మండ్ గిటారు. డ్రమ్స్ ఉండాల్సిన చోట... ఏమీ లేదు. గాలి కూడా లేదు. కాసేపటికి ఆ ఖాళీలో ఒక చప్పుడు వినబడింది. నెమ్మదిగా. రెండుసార్లు.

ఫూ... ఫూ...

"మైకు పాడైనట్టుంది" అంటూ ఫిలిపా లేచింది.

నేను హెడ్‌ఫోన్లు విసిరేశాను. గదిలో వాసన మారింది. మోటారుసైకిలు ఆయిలు. తడిసిన తోలు జాకెట్టు. ముప్పై ఏళ్లయినా మర్చిపోలేదు.

టామ్సిన్ స్టూలు మీద కదలకుండా కూర్చుని ఉంది. స్టిక్స్ జారి కింద పడ్డాయి. వేళ్లు చూశాను. గోళ్లు... నీలం.

"అమ్మా" అంది, గుసగుసగా. "ఎవరో నా ఒళ్లో కూర్చున్నారమ్మా. లేవలేకపోతున్నా."

రాయిస్టన్ మాట. ఆ పిల్లకి నేనెప్పుడూ చెప్పని మాట.

"గేనర్! కాగితం! రాయి!" అని అరిచాడు డెస్మండ్.

ఫిలిపా గదిలోకి పరుగెత్తాను. ఫిలిపా ఏదో అంటోంది, వినలేదు. పెన్ను దొరికింది. మూడు గడులు... మూడూ నిండి ఉన్నాయి. ఖాళీ లేదు. ఎక్కడ రాయాలి? ఎక్కడ...

డ్రమ్స్ గడిలో టామ్సిన్ పేరు కొట్టేశాను. దాని మీదే రాశాను. క్లైవ్ ఆక్రాయిడ్. వాడి సంతకం పెట్టాను. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు.

గాజుకి అవతల టామ్సిన్ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. వంగి స్టిక్స్ తీసుకుంది. "ఏం కాలేదమ్మా, చలేసిందంతే. వాయిద్దాం" అంది.

వాయించాం. నాలుగు పాటలూ ఒక్కో దెబ్బకే అయిపోయాయి. డ్రమ్సన్నీ రికార్డయ్యాయి. మూడో పాట మధ్యలో డెస్మండ్ వెనక్కి తిరిగి చూసి ఏడ్చేశాడు. "అచ్చం డిపోలో ఉన్నట్టుంది కదే" అన్నాడు వ్యానెక్కుతూ. నా పిల్ల క్షేమంగా ఉంది, నాకదే చాలు. దారంతా అది వెనక సీట్లో నిద్రపోయింది. లెస్టర్ దగ్గర ఆగినా లేవలేదు.

రెండు వారాలు ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే నన్ను నిలవనివ్వలేదు. దాని గది తలుపు దగ్గరకి రోజుకి పదిసార్లు వెళ్లొచ్చేదాన్ని. తిన్నావా, చేతులు చల్లగా ఉన్నాయా, అని అడిగిందే అడిగేదాన్ని. "బానే ఉన్నా" అనేది. మాటలు తగ్గించింది. కానీ దాని వయసులో ఎవరు తల్లితో ఎక్కువ మాట్లాడతారు?

సెషన్ రేడియోలో వచ్చిన సాయంత్రం వంటగదిలో ఇద్దరమే కూర్చున్నాం. టీ పెట్టాను. బయట వాన. నాలుగు పాటలూ అయ్యాయి. అనౌన్సరు చదివాడు.

"గొంతు, గిటారు, డెస్మండ్ ఫర్త్. బేస్, గేనర్ పికిల్స్. డ్రమ్స్, క్లైవ్ ఆక్రాయిడ్."

అంతే. ఇంకో పేరు లేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి, డ్రమ్స్ వాయించిన బతికున్న మనిషికి ఆ కాగితంలో చోటు లేకుండా పోయింది. ఆ చోటు చెరిపేసింది నా చెయ్యే. కప్పు బల్ల మీద పెట్టేశాను.

"తప్పు చేశానే తల్లీ" అన్నాను. "నీ పేరు చదవలేదు. ఎంత ఆశపడ్డావో..."

"చదివాడుగా" అంది టామ్సిన్.

రేడియో కట్టేసింది. బల్ల మీద రెండు చెంచాలుంటే తీసుకుంది. ఒకదాని కొన మీద ఊదింది. తర్వాత రెండోదాని మీద.

ఒక్క క్షణం ఏమీ లేదు. వాన చప్పుడు తప్ప.

"రెండు, మూడు, నాలుగు..."

నేను అడిగాను. "ఒకటి ఏదమ్మా?"

నా కూతురు తలెత్తి, నన్ను చూసి నవ్వింది.

"ఒకటి నాది, నిచ్చెనా. నీకెందుకు?"