ఏడున్నరకు హాజరు పట్టీ

చౌడయ్య రైల్లోంచి జారి పడలేదు. ఎవరో తోశారు.

పేపరువాళ్లు మాత్రం తిరువళ్ళూరు, తిరుత్తణి మధ్య లోకల్ రైలు ఫుట్‌బోర్డు మీంచి పడి ఒక ఉద్యోగి మృతి అని మూడు లైన్లు రాసి చేతులు దులుపుకున్నారు. అతను గూఢచారి అని తెలిసినవాళ్లు మన పక్షాన ఇద్దరే ఇద్దరు.

"ఇప్పుడు నీతో ముగ్గురు," అన్నాడు చీఫ్ సుందరరాజులు.

తిరుత్తణి కొండ మెట్ల మీద, సగం దారిలో కూర్చుని ఉన్నారిద్దరూ. చీఫ్ భక్తుడి వేషంలో ఉన్నాడు. గుండుకి చందనం పూసుకున్నాడు. వేషం కోసం నిజంగానే గుండు కొట్టించుకునే చీఫ్ ఈ దేశంలో ఈయనొక్కడే. పక్కనున్నది ఏజెంట్ శ్యామ్‌సుందర్. ఈ ఊరి నేతపనివాళ్ల బిడ్డే. నలభై ఏళ్లు నిండినా ఇంకా ఈ మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలడు, ఆ విషయం అడగనివాళ్లకు కూడా చెబుతుంటాడు.

"బ్రీఫింగ్ ఒక్కసారే చెప్తా, విను. ఊత్తుకోట రోడ్డులో మన డిపో ఉంది. నెలకోసారి అక్కడినుంచి ఒక ట్రక్కు ఆవడి వైపు పోతుంది. అందులో ఏముంటుందో నువ్వు అడగొద్దు, నేను చెప్పను. ఏ రోజు పోతుందో ముందుగా ఎవురికీ తెలీదు. ఆ సాయంత్రం ఐదింటికే డ్రైవర్‌కి చెప్తారు. అప్పట్నుంచి వానికి ఫోన్ ఉండదు, గేటు దాటేది ఉండదు. ఏడింటికి బాంబ్ స్క్వాడ్ రోడ్డంతా గాలిస్తుంది. ఏడూ నలభై ఐదుకి బండి కదుల్తుంది."

"అవతలివాళ్లు?"

"విదేశీ ముఠా. పోయిన రెండుసార్లూ దోవలో నిలబడి చూసిపోయినారు. ట్రయల్ రన్. ఈసారి చూసి ఊరుకోరు. ఏడుకి ముందు బాంబు పెడితే స్క్వాడ్‌కి దొరుకుతుంది. ఏడు దాటినాక పెట్టాలంటే, బండి ఈ పొద్దే పోతా ఉందని వాళ్లకి ఆ ముప్పావు గంటలోనే తెలియాల. లోపల్నుంచి ఆ కబురు ఎట్లా పోతా ఉందో చౌడయ్య కనిపెట్టినాడు. ఒకే ఒక మాట పంపినాడు. 'రిజిస్టర్.' మర్నాడే రైలు."

"నా కవర్?"

"స్టోర్స్ క్లర్క్ ముకేశ్. సాయంత్రం స్టూడెంటువి. డిపోలో ఉద్యోగాలు చేసేవాళ్ల కోసం ఈవెనింగ్ కాలేజీ నడుస్తా ఉంది. బీబీఏ లాజిస్టిక్స్, హైబ్రిడ్ కోర్సు. మీరు డిపో లోపల క్లాసురూములో ఉంటారు, లెక్చరర్ టౌన్‌లో స్టూడియోలోంచి స్క్రీన్ మీద పాఠం చెప్తుంది. ఆమె పేరు తనుశ్రీ. వాళ్లు తమ మనిషి అనుకుంటారు గానీ మన మనిషి. డబుల్ ఏజెంట్. చౌడయ్య సంగతి ఆమెకు తెలుసు, నీ సంగతీ చెప్పినాను."

"నమ్మొచ్చా?"

"ఆమె ఫోను ఇరవై నాలుగ్గంటలూ మనవాళ్లు వింటానే ఉంటారు. ఇంక నమ్మేదెందుకు?"

శ్యామ్‌సుందర్‌కి ఆ జవాబు నచ్చలేదు. కానీ చీఫ్ అప్పటికే భక్తుల్లో కలిసిపోయాడు.

* * *

మూడు వారాలు గడిచాయి. శ్యామ్‌సుందర్ డిపోలో రిజిస్టర్ అన్న పేరున్న ప్రతిదాన్నీ తిరగేశాడు. స్టోర్స్ రిజిస్టర్, గేట్ రిజిస్టర్, డీజిల్ రిజిస్టర్. తుమ్ములు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇక ఆ క్లాసు సంగతి చెప్పాలి. డిపో రెండో కంచె లోపల, నిషిద్ధ కారిడార్ చివర ఒక గది. కిటికీలకు ఇనుప గ్రిల్లు, వాకిలికి ఇనుప తలుపు. ఫోన్లు గేటు దగ్గర లాకర్లో పెట్టేయాలి. ఆరింటికి అందరూ లోపలికి పోగానే గార్డు బయటినుంచి తాళం వేస్తాడు. ఎనిమిదింటికి తీస్తాడు. మధ్యలో ఎవరు బయటికి రావాలన్నా మెయిన్ గేటు నుంచి ఎస్కార్ట్ రావాలి, దానికి ఇరవై నిమిషాలు. పగలంతా గొడ్డుచాకిరీ చేసినవాళ్లు సాయంత్రం జైల్లో కూర్చుని చదువుకుంటున్నారంటే, చదువు మీద ఎంత మమకారం ఉండాలో చూడండి!

వెనక బెంచీలో శ్యామ్‌సుందర్ పక్కన కూర్చునేది మురళి. ట్రక్కు డ్రైవర్. ముప్పై లోపు వయసు. ఇంటినుంచి తెచ్చిన టిఫిన్‌లో సగం రోజూ "తినన్నా" అంటూ పక్కకి తోసేవాడు.

"డిగ్రీ వస్తే సూపర్‌వైజర్ని చేస్తారన్నా," అన్నాడొకరోజు. "ఈ బండ్లు తోలే పని తప్పుతుంది. మా మోక్షితకి పది నెలలు. నన్ను జూస్తే ఎవురో కొత్తోడు వచ్చినాడని ఏడుస్తాది. దానికి నా మొకం గుర్తుండాల గదన్నా."

పనిలో ఉండగా ఎవరి మీదా మనసు పెట్టుకోకూడదని శ్యామ్‌సుందర్ నియమం. ఆ నియమం మురళి దగ్గర పనిచెయ్యలేదు. వాడంటే అతనికి ఇష్టం కలిగింది, అంతే.

ముందు బెంచీలో కన్నియమ్మ ఉంటుంది. క్యాంటీన్ సూపర్‌వైజర్, యాభై రెండేళ్ల మనిషి, క్లాస్ లీడర్. పోయిన వారం ఎవడో పక్కవాడి పేరుకి "ఉళ్ళేన్ మేడమ్" అని హాజరు పలికితే ఆమె లేచి ఆ గదిని దులిపేసింది. "ఇంకోతూరి ఈ క్లాసులో ప్రాక్సీ వినబడిందా, ఆ నోట్లో పచ్చిమిరపకాయ పెడతా!" అంది. అందరిచేతా ఒట్టు వేయించింది. స్క్రీన్ మీద తనుశ్రీ చప్పట్లు కొట్టి, "మీలాంటి లీడర్ ఉంటే నాకు బెంగే లేదు కన్నియమ్మా," అని మెచ్చుకుంది.

* * *

గురువారం సాయంత్రం గేటు దగ్గర గార్డు శ్యామ్‌సుందర్ క్యాలిక్యులేటర్ తీసేసుకున్నాడు. మామూలు మోడల్ మాత్రమే తేవాలని కొత్త రూలట. ఆ క్యాలిక్యులేటర్లో అతి చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంది. దాన్ని తయారుచేయడానికి ల్యాబ్‌వాళ్లకు ఏడాది పట్టింది.

ఇనుప తలుపు మూసుకుంది. తాళం పడింది.

పక్కన మురళి లేడు. క్రేన్ ఆపరేటర్ లేడు. ఎస్కార్ట్ జీపు మనుషులిద్దరూ లేరు, ఫైర్ టెండర్, అదే ఫైరింజన్, తోలే అతనూ లేడు. వెనక బెంచీల్లో ఐదు చోట్లు ఖాళీ, ఐదూ ఒక బండిని సాగనంపడానికి కావలసిన మనుషులవే. బండి ఈ రోజే పోతుందని శ్యామ్‌సుందర్‌కి అర్థమైంది. దాన్ని తోలేది మురళి అనీ అర్థమైంది.

తనుశ్రీ నెమలికంఠం రంగు పట్టుచీరలో, పొడుగాటి జుంకాలతో స్క్రీన్ మీద వెలిగిపోతోంది. ఆమె నవ్వు కోసమే ఎకనామిక్స్ పాసైనవాళ్లున్నారు ఆ క్లాసులో. ఏడూ పదికి పాఠం ఆపింది.

"మిగతా పాఠం తర్వాత. రోజూలాగే ముందు అటెండెన్స్ తీసుకుంటాను. పోర్టల్ ఏడున్నరకు లాక్ అవుతుంది."

స్క్రీన్ మీద సెమిస్టర్ మొత్తం హాజరు పట్టీ తెరుచుకుంది. పేర్ల పక్కన పచ్చ గళ్లు, అక్కడక్కడా ఎర్ర గళ్లు. రెండు తేదీల్లో మాత్రం ఐదు ఎర్ర గళ్లు, అవే ఐదు పేర్ల పక్కన. ఆ రెండూ ట్రక్కు పోయిన తేదీలే.

ఓరి నా బుద్ధి మండ! రిజిస్టర్ అంటే ఇదా!

ఆమె బటన్ నొక్కగానే ఆబ్సెంట్ లిస్టు సెక్షన్ ఆఫీసర్లందరికీ ఎస్సెమ్మెస్‌గా పోతుంది. అందులో ముఠావాడి నంబరు ఒకటి చేర్చినా అడిగేవాడు లేడు. ఆమె ఫోను వింటున్నవాళ్లకు ఇది వినబడదు. చౌడయ్య ఎవరో తెలిసింది చీఫ్‌కీ, ఆమెకీ మాత్రమే. చీఫ్ తోయలేదు గదా!

తలుపు బాదితే? గార్డు ముందు ఎస్కార్ట్‌ని పిలుస్తాడు. ఇరవై నిమిషాలు. ఈలోగా ఆమె నొక్కేస్తుంది. అరిచి చెబితే? మైకులో ముందు వినేది ఆమే. తాళం, గ్రిల్లు, కంచె, ఆ పైన ఇంకో కంచె. అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతున్నది పక్కన ఖాళీగా ఉన్న చోటు. ఆ పది నెలల పిల్లకి తండ్రి మొహం ఇంక గుర్తుండే అవకాశమే ఉండదు.

కెమెరా మొదటి మూడు బెంచీలనే చూస్తుంది. అతను నోట్సులోంచి కాగితం చింపి, గబగబా తెలుగులో రాశాడు.

"కన్నియమ్మక్కా, లేని ఐదుగురూ ఈ పొద్దు బండితో పోతా ఉండారు. ఆబ్సెంట్ పడితే దోవలో చంపేస్తారు. మేడమ్ వాళ్ల మనిషి. అందరూ ఉండారని చెప్పు. నా పేరుకి మాత్రం లేడని చెప్పు. ముకేశ్."

మడిచి ముందుకి పంపాడు. కాగితం చేతులు మారుతూ మూడో బెంచీ దాకా వెళ్లింది. అక్కడ టెలిఫోన్ మెకానిక్ గోపాలన్ దాన్ని విప్పి చూస్తుండగా తనుశ్రీ కంట పడింది.

"గోపాలన్! ఏమిటా కాగితం? కెమెరాకి చూపించు."

గోపాలన్ లేచి చూపించాడు. తనుశ్రీ ముందుకి వంగింది. తమిళం, ఇంగ్లీషు తప్ప ఆమె ఇంకో అక్షరం చదవలేదు.

"తెలుగా? చదువు."

"మేడమ్, మేము ఇంట్లో తెలుగు మాట్లాడేదే. చదివేది తెలీదు. స్కూల్లో తమిళ్ దా మేడమ్."

పక్కవాళ్లనడిగింది. వాళ్లూ తలలు అడ్డంగా ఊపారు. ఆ కుర్రకారులో ఒక్కరికీ ఆ లిపి రాదు. శ్యామ్‌సుందర్ తెలుగులో రాసింది అందుకే. కానీ పాతకాలం తెలుగు బడిలో చదివిన కన్నియమ్మ, చదవగలిగిన ఆ ఒక్క మనిషీ, ఇప్పుడు కెమెరా ముందే చదవాల్సి వచ్చింది.

"కన్నియమ్మా, మీరు చదవండి. గట్టిగా."

కన్నియమ్మ కాగితం అందుకుంది. కళ్లజోడు సర్దుకుంది. మొదటి లైను, రెండో లైను, మూడో లైను. ఈ మనిషి జన్మలో అబద్ధం ఆడినట్టు ఎవరూ చెప్పగా వినలేదే, దేవుడా, అనుకున్నాడు శ్యామ్‌సుందర్.

"ఏముంది మేడమ్, నా తలకాయ!" అంది కన్నియమ్మ. "క్యాంటీన్ ఇండెంటు. రేపటికి ఉల్లిగడ్డలు ముప్పై కిలోలు, కందిపప్పు పది, పామాయిలు అయిపోయింది సీక్రం తెప్పించమని. వెనక బెంచీలో కూర్చునే మా అసిస్టెంటు రాసినాడు. క్లాసు జరగతా ఉంటే పంపిస్తాడా ఎవురన్నా? రేపు వాని పని చెప్తా ఉండు."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

"మేడమ్, వెనక బెంచీలు మీకు కనపడవు గదా. మీరు పేర్లు పిలవండి, నేనే చూసి చెప్తా. ఈ నా కొడుకుల్ని నమ్మేదానికి లేదు."

తనుశ్రీ నవ్వింది. "మీరు చెబితే చాలు."

పేర్లు మొదలయ్యాయి. క్రేన్ ఆపరేటర్ పేరు వచ్చింది. "ఉండాడు మేడమ్." ఎస్కార్ట్ మనుషులిద్దరూ. "ఉండారు." ఫైర్ టెండర్ అతను. "ఉండాడు, తూగతా ఉండాడు." గోపాలన్ నోరు తెరిచాడు. కన్నియమ్మ అతనివైపు తిరిగి ఒక్క చూపు చూసింది. తెరిచిన నోరు మూసుకుంది. పచ్చిమిరపకాయ బెదిరింపు పెట్టిన మనిషే వరసగా నలుగురికి ప్రాక్సీ కొడుతుంటే క్లాసంతా బిగుసుకుపోయింది.

ఏడూ ఇరవై ఏడు.

"మురళి?"

"ఉండాడు మేడమ్."

తనుశ్రీ వేలు ఆగింది. "మురళి నోట ఒక మాట వింటాను. ఎకనామిక్ ఆర్డర్ క్వాంటిటీ అంటే ఏమిటి, మురళీ?"

శ్యామ్‌సుందర్ బెంచీ కిందకి వంగి, చేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మూడు వారాలు పక్కన కూర్చుని విన్న గొంతు. సరైన జవాబు నాలుక చివర ఉంది. కానీ సరిగ్గా చెబితే అది మురళి కాదు.

"అదొచ్చి మేడమ్... ఎంత కావాల్నో అంతే ఆర్డర్ పెట్టేది మేడమ్."

తనుశ్రీ ఫక్కున నవ్వింది. "ఈ జన్మకి నువ్వు మారవు. కూర్చో."

పచ్చ గడి పడింది.

"ముకేశ్?"

శ్యామ్‌సుందర్ బెంచీ కిందే ఉండిపోయాడు.

"ముకేశ్ రాలేదా?"

"లేడు మేడమ్," అంది కన్నియమ్మ. "వానికి చదువంటే లెక్కే లేదు."

తనుశ్రీ ముఖంలో ఏదో బరువు దిగినట్టయింది. కాపలాకి వచ్చినవాడే క్లాసు ఎగ్గొట్టాడు, బండి పోయే రోజైతే ఉండకూడని ఐదుగురూ ఉన్నారు. అంటే ఈ రోజు బండి లేదు. ఏడూ ఇరవై తొమ్మిదీ యాభై రెండు సెకన్లకు సబ్‌మిట్ నొక్కింది. ఎనిమిది సెకన్ల తర్వాత పోర్టల్ లాక్ అయింది.

అంతటితో విడుదల అనుకుంటున్నారేమో, లేదు. తాళం ఎనిమిదింటికే తీస్తారు. ఏడూ నలభై ఐదుకి గ్రిల్లు అవతల ట్రక్కు ఇంజిన్ మోత వినిపించి, ఊత్తుకోట రోడ్డెక్కి సన్నబడింది. శ్యామ్‌సుందర్ కళ్లు మూసుకుని ఒక పేలుడు కోసం చెవులు రిక్కించాడు. ముఠా నమ్మిందో లేదో తెలిసే దారి లేదు. లేచి పరిగెత్తే దారి లేదు. తనుశ్రీ ఇన్వెంటరీ గురించి తియ్యగా చెబుతూనే ఉంది. ఆ పావుగంటలో అతను తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు.

పేలుడు వినబడలేదు.

ఎనిమిదింటికి తలుపు తెరుచుకుంది. ఎనిమిదీ నాలుగుకి అతను చీఫ్‌కి ఫోను చేశాడు. తొమ్మిది లోపల ఎస్సెమ్మెస్ లిస్టులో అదనంగా ఉన్న నంబరు దొరికింది. ఆ నంబరు చుట్టూ గాలిస్తే, ట్రక్కు దాటిపోయే కల్వర్టుకి రెండు కిలోమీటర్ల దూరంలో టీ తాగుతున్న ఇద్దరు మనుషులు, వాళ్ల బైకు డిక్కీలో ఐదు కిలోల ఆర్‌డీఎక్స్ దొరికాయి. ఈ రోజు పని లేదని వాళ్లు నింపాదిగా ఉన్నారు. తనుశ్రీ జుంకాలు తీసి పెట్టెలో పెట్టుకుంటుండగా స్టూడియో తలుపు తట్టారు.

"ఇంక నేను బయటపడొచ్చా సార్?" అని అడిగాడు శ్యామ్‌సుందర్.

"ఉన్నట్టుండి మాయమైతే అనుమానం వస్తుంది. సెమిస్టర్ పూర్తి చెయ్," అన్నాడు చీఫ్. "పాసవ్వు."

* * *

మంగళవారం. స్క్రీన్ మీద కొత్త లెక్చరర్. బట్టతల. క్లాసులో సగంమందికి చదువు మీద ఆసక్తి పోయింది.

మురళి టిఫిన్ డబ్బా తెరిచి సగం పక్కకి తోశాడు. తర్వాత స్క్రీన్ మీద హాజరు పట్టీ చూసి నొసలు చిట్లించాడు.

"ఇదేందన్నా! గురువారం నేను డ్యూటీలో ఉంటిని, నాకు ప్రెజెంట్ పడింది. నువ్వేమో ఆబ్సెంటు. యాడికి పొయ్‌నావు క్లాసు ఎగ్గొట్టి?"

శ్యామ్‌సుందర్ తన వాటా ఇడ్లీ మొత్తం ఒక్కసారే నోట్లో కుక్కుకున్నాడు.

ముందు బెంచీలోంచి కన్నియమ్మ వెనక్కి తిరగకుండానే అంది, "అడుగప్పా, బాగా అడుగు. మనిషికి కొంచెమన్నా బాధ్యత ఉండొద్దా!"