అమ్మాజీ నూట ఎనిమిది బొట్లు

జ్వరం తగ్గిన మర్నాడు పొద్దున్నే అమ్మాజీ మంచం దిగి, ముఖమైనా కడుక్కోకుండా నేరుగా వంటింట్లోకి వెళ్లింది. కాఫీ కోసం కాదు, ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడుతున్న క్యాలెండర్ కోసం.

ఆ క్యాలెండర్‌లో అందరిళ్లలో ఉండేవే ఉన్నాయి. తిథులు, వర్జ్యాలు, గ్యాస్ బండ వచ్చిన తేదీ, మనవరాలు హర్షిత పరీక్షల తేదీలు. వాటితోపాటు రోజుకొకటి చొప్పున కుంకుమ బొట్లు కూడా ఉన్నాయి. ఒక్కో బొట్టు ఒక్కో పరుగు. జనవరి ఒకటి నుంచి మార్చి పధ్నాలుగు దాకా, ఒక్క రోజు కూడా తప్పకుండా డెబ్బై మూడు. పదిహేనో తేదీన జ్వరమొచ్చి నాలుగు రోజులు పడేసింది. ఆ నాలుగు గళ్లూ ఖాళీగా ఉంటాయని ఆమెకు తెలుసు. చూసి, కాసేపు ఏడ్చి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడదామనే వచ్చింది.

తీరా చూస్తే గళ్లు ఖాళీగా లేవు. పదిహేను, పదహారు, పదిహేడు, పద్దెనిమిది. నాలుగింట్లోనూ నాలుగు బొట్లు, నిండుగా, ఎర్రగా!

అమ్మాజీకి ఒళ్లు మండిపోయింది. ఎందుకంత కోపమో తెలియాలంటే ఆవిడ సంగతి కొంచెం చెప్పాలి. యాభై ఆరేళ్ల ఈ తణుకు ఆడపడుచుకి మొదలెట్టడం బ్రహ్మాండంగా వచ్చు, పూర్తి చెయ్యడమే రాదని ఇంట్లో వాడుక. హిందీ పరీక్షలు సగం, కుట్టుపని సగం, హార్మోనియం నేర్చుకోవడం సగం. భర్త వీరభద్రం బ్యాంకులో రిటైరయ్యాక, కొడుకు జయకృష్ణ దేవరయాంజాల్ దగ్గర కొత్త కాలనీలో కట్టుకున్న ఇంటికి వచ్చారు. కానీ ఆ వాడుక మాత్రం సామాన్లతోపాటే లారీ ఎక్కి వచ్చేసింది. చుట్టాలెవరొచ్చినా వీరభద్రం కాఫీ తాగుతూ, "మా ఆవిడ శంకుస్థాపనల మంత్రి అండీ. ప్రారంభోత్సవాలు వేరేవాళ్లు చూసుకోవాలి" అనేవాడు. అందరూ నవ్వేవారు. అమ్మాజీ కూడా నవ్వేది, పాపం.

డిసెంబరులో హర్షిత స్కూల్లో నానమ్మల పరుగుపందెం పెట్టారు. యాభై మీటర్లే. అమ్మాజీ ఇరవై మీటర్ల దగ్గర నడుం పట్టుకుని నిలబడిపోయింది. "పోనీలే నానమ్మా, నువ్వు సగమైనా వచ్చావు" అని మనవరాలు ఓదార్చింది. ఆ సగం అన్న మాట ఆవిడ గుండెల్లో గుచ్చుకుంది. జనవరి ఒకటిన బూట్లు కట్టుకుని, నూట ఎనిమిది రోజులు, ఒక్క రోజు తప్పినా లెక్కలోకి రాదని దేవుడి ముందు గట్టిగా అనేసుకుంది.

అనుకోవడం తేలికే. చలిలో ఐదింటికి లేవడానికి ఆవిడ వెయ్యని ఎత్తు లేదు. బూట్లు మంచం పక్కనే పెట్టుకునేది. బద్ధకమేసిన రోజున తనతో తనే, 'కల్వర్టు దాకానే వెళ్దాం, అక్కణ్ణుంచి వెనక్కి వచ్చేద్దాం' అని బేరమాడేది. కల్వర్టు కిలోమీటరు దూరం. అక్కడికెళ్లాక, ఇంత దూరం వచ్చి రాముడి గుడి మలుపు దాకా పోకపోతే ఎలాగని ఇంకో అర కిలోమీటరు పోయేది. డెబ్బై మూడు రోజులూ తనకు తనే చెప్పుకున్న ఈ అబద్ధాన్ని డెబ్బై మూడు రోజులూ నమ్మింది.

అంత కష్టపడి పెట్టుకున్న బొట్ల పక్కన ఎవరో నాలుగు దొంగబొట్లు పెట్టారు!

"నవ్యా! ఏమండీ! ఇద్దరూ ఇలా రండి!"

కోడలు నవ్యశ్రీ చేతిలో దోసె గరిటెతో వచ్చింది. వీరభద్రం పేపరు మడుచుకుంటూ, ఎందుకో కొంచెం కుంటుతూ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఎవరు పెట్టారివి?"

"నేను కాదత్తయ్యా. నాకు హర్షిత జడలు వెయ్యడానికే టైం లేదు" అంది నవ్యశ్రీ.

"మీరా?" అంది అమ్మాజీ భర్త వైపు తిరిగి.

వీరభద్రం పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. "నాలుగు బొట్లకే ఇంత రాద్ధాంతమా? వరస తప్పిపోతే బాధపడతావని..."

"అంటే జాలి! అమ్మాజీ ఎలాగూ పూర్తి చెయ్యలేదు, బొట్లయినా పూర్తి చేసి పెడదామని జాలి! నేను పరిగెత్తిన రోజుకి బొట్టు, పరిగెత్తని రోజుకీ బొట్టు అయితే, ఇంక నేను పరిగెత్తడమెందుకండీ? ఓ రోజు కూర్చుని నూట ఎనిమిదీ పెట్టేసుకోనా?"

"అది కాదే, అసలు నేను..."

"మీరేం చెప్పొద్దు. నన్ను చూసి నవ్వితే ఓర్చుకున్నాను. ఇలా దొంగని చేస్తే ఓర్చుకోలేను."

వీరభద్రం చేతిలోని పేపరు ఇంకో మడత పెట్టాడు. అమ్మాజీ తడిగుడ్డ తీసి ఆ నాలుగు గళ్లూ రుద్దేసింది.

"అయ్యో అత్తయ్యా, కుంకుమ అలా తుడవచ్చో లేదో!" అంది నవ్యశ్రీ.

కుంకుమ తడిగుడ్డకి లొంగుతుందా? నాలుగు గళ్లూ గులాబీ రంగుకి తిరిగి ఇంకా పెద్దగా కనబడసాగాయి. దాంతో ఆవిడకి ఏడుపు ఆగలేదు. బూట్లు రెండూ తెచ్చి అటక మీదికి విసిరేసింది.

"ఇంక పరుగూ లేదు, పాడూ లేదు. హార్మోనియం పక్కన ఇవీ పడి ఉంటాయి."

పెనం మీద దోసె మాడిన వాసన వచ్చింది. హర్షిత ఆ మాడు దోసెలో సగం తిని స్కూలు బస్సెక్కింది.

ఏడున్నరకి గేటు దగ్గర కేక వినబడింది. "అమ్మా! చేపలమ్మా!"

సుక్కమ్మ వచ్చింది. శామీర్‌పేట చెరువు చేపలు గంపకెత్తుకుని రోజూ తెల్లారేసరికి కల్వర్టు దగ్గర ఆటో దిగి, కాసేపు అక్కడ కూర్చుని, తర్వాత కాలనీల్లో తిరుగుతుంది. పొద్దున్నే పరిగెత్తే అమ్మాజీకి రోజూ ఎదురయ్యే మనిషి ఆమె ఒక్కతే.

"ఏందమ్మా, పానం మంచిగయిందా? మొఖం గింత పీక్కపోయింది" అంది గంప దించుతూ.

"తగ్గింది సుక్కమ్మా. నాకు జ్వరమని నీకెవరు చెప్పారు?"

"ఇంకెవలు? పెద్దసారే సెప్పిండు, ఉరుక్కుంట ఉరుక్కుంట."

అమ్మాజీ చేతిలోని పళ్లెం అలాగే ఉండిపోయింది. "ఉరుక్కుంటూనా? మా ఆయనా?"

"అయ్యో, నీకు తెల్వదా? నాలుగొద్దుల సంది ఉరుకుతుండు గద! లుంగి మోకాళ్లదాంక ఎగగట్టి, సెప్పులు సేతులవట్టుకొని! నేను పరేషానైన. గీ వయసుల గిదేంది సారూ అనడిగితే, మా ఇంటామె మొక్కుకుంది, జరమొచ్చింది, ఆమె బదులు నేను తీర్సాలె అన్నడు. మూడోనాడైతే కుక్క ఎంటవడ్డది సూడు, మస్తు ఉరికిండమ్మా! గుడి మలుపు దాంక యెన్కకు సూడలే!"

సుక్కమ్మ పడీ పడీ నవ్వింది. అమ్మాజీకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లల్లో నీళ్లొచ్చాయి. రెండు బొచ్చె చేపలు పళ్లెంలో పెట్టించుకుని, అవి కోడలికిచ్చి, గబగబా హాల్లోకి వచ్చింది. వీరభద్రం సోఫాలో కూర్చుని మోకాలికి జండూబామ్ రాసుకుంటున్నాడు. ఆవిణ్ణి చూసి పంచె కిందికి లాక్కున్నాడు.

"దాచకండి. సుక్కమ్మ అంతా చెప్పింది, కుక్క సంగతితో సహా."

"ఆ కుక్క సంగతి చెప్పొద్దన్నానే ఆవిడకి!" అన్నాడాయన సిగ్గుపడిపోయి.

"నా బదులు మీరు పరిగెత్తడమేమిటండీ? ఎక్కడైనా ఉందా?"

"ఎందుకు లేదు? మొన్న కార్తీకంలో నీకు ఒంట్లో బాగోకపోతే మూడు రోజులు కోడలు దీపం పెట్టలేదూ? వ్రతం ఆగకూడదు, ఇంట్లోవాళ్లు ఎవరు పెట్టినా నాకే చెందుతుందని నువ్వే అన్నావు. నూట ఎనిమిది అని దేవుడికి చెప్పుకున్నదాన్ని వ్రతం కాక ఏమంటారు? నాకు తెలిసిన పద్ధతి ఇదీ."

నవ్యశ్రీ వంటింట్లోంచి కిసుక్కుమంది. అమ్మాజీ సోఫాలో ఆయన పక్కన కూలబడింది.

"మరి పొద్దున నేనన్ని మాటలంటుంటే నోరు మూసుకుని కూర్చున్నారే?"

"ఏమని చెప్పను? నిన్ను ఇన్నేళ్లు ఎక్కిరించినవాణ్ణి, లుంగీ ఎగ్గట్టి పరిగెత్తానని ఏ ముఖంతో చెప్పను?"

అమ్మాజీ లేచి కుర్చీ వేసుకుని అటక మీంచి బూట్లు దింపింది. "పదండి. ఇవాళ్టిది ఇంకా దాటిపోలేదు."

"నిన్నటిదాకా జ్వరమే నీకు! ఎండొచ్చేసింది కూడా."

"నడుద్దాం. మెల్లగా, కల్వర్టు దాకానే."

ఇద్దరూ బయల్దేరారు. కాలనీవాళ్లు ఆఫీసులకెళ్తూ వింతగా చూశారు. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి వీరభద్రం గట్టు మీద కూలబడి కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"రెండో రోజు ఇక్కణ్ణుంచే వెనక్కి తిరిగిపోయానే. ఎవరు చూడొచ్చారులే అని ఇంటికెళ్లి కుంకుమలో వేలు కూడా పెట్టాను. పెట్టాక మనసొప్పలేదు. మళ్లీ వచ్చి గుడి దాకా వెళ్లాను. నాలుగు రోజులకే నాకు ప్రాణం మీదికొచ్చింది. నువ్వు డెబ్బై మూడు రోజులు ఎలా పరిగెత్తావే?"

అమ్మాజీ వచ్చి ఆయన పక్కనే గట్టు మీద కూర్చుంది.

"ఒకటి అడుగుతాను చెప్పు. హిందీ పరీక్షలు ఎందుకు మానేశావు?"

"అప్పుడు జయకృష్ణ కడుపులో ఉన్నాడు కదా."

"కుట్టుపని?"

"మీకు విజయనగరం ట్రాన్స్‌ఫరయింది. మిషను అమ్మేశాం."

"హార్మోనియం?"

"మీ అమ్మగారు మంచాన పడ్డారు. పక్కనుండి చూసుకోవాలి కదా."

వీరభద్రం కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ముప్పై ఏళ్లు నువ్వు సగంలో వదిలేస్తావని ఊరందరికీ చెప్పి నవ్వించాను. నువ్వు ఒక్కటీ వదల్లేదే అమ్మాజీ. మేమే వదిలించాం."

ఆ మాట కోసం ఇన్నేళ్లు ఎదురుచూశానని అమ్మాజీకి ఆ నిమిషం దాకా తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనివితీరా ఏడ్చింది. అటుగా పోతున్న ఆటో అతను బండి ఆపి, "ఏమైందమ్మా, ఏమన్న పరేషానా?" అని అడిగాడు. "ఏం లేదు బాబూ, సంతోషం!" అంది. అతను తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

"సరే, ఇంటికి పోదామా?" అన్నాడు వీరభద్రం.

"ఇంత దూరం వచ్చి గుడి మలుపు దాకా పోకపోతే ఎలాగండీ?" అంది అమ్మాజీ, అప్పటికే నాలుగడుగులు ముందుండి.

ఇంటికి రాగానే చేతులు కడుక్కుని క్యాలెండర్ ముందు నిలబడింది. గులాబీ రంగు మరకలయిన నాలుగు గళ్లలోనూ పసుపు బొట్లు పెట్టింది.

"ఇవి మీవి. మీరు పరిగెత్తినవి మీకే చెందాలి, నాకెందుకు?"

"మరి నీ వరస తప్పిపోయినట్టే కదా?"

"తప్పితే తప్పింది. ఈ వయసులో నాలుగు రోజులు జ్వరమొస్తే దేవుడు మాత్రం ఏమంటాడు? ఇవాళ్టితో నాకు డెబ్బై నాలుగు." పంతొమ్మిదో తేదీ గడిలో ఎర్రబొట్టు పెట్టి, దాని పక్కనే పసుపుబొట్టు కూడా పెట్టింది. "మీకు ఐదు. ఇంకా నూట మూడున్నాయి."

వీరభద్రం గుండెలు బాదుకున్నాడు. "నాకా? నేనెప్పుడు మొక్కుకున్నానే?"

"మొదలెట్టి సగంలో వదిలేస్తారా మావయ్యా? బాగోదు" అంది నవ్యశ్రీ, చేపలు కడుగుతూ.

ఆయన మోకాలు నిమురుకుంటూ కాసేపు క్యాలెండర్‌ని చూశాడు. రేపటి గడి తెల్లగా ఉంది.

"ఐదింటికే లేవాలా?"

"ఐదింటికే."

"కల్వర్టు దాకానే కదా?"

"కల్వర్టు దాకానే" అని భర్త కళ్లలోకి సూటిగా చూస్తూ అబద్ధమాడింది అమ్మాజీ.