గుమ్మటంలో కుండలు

ఎడిర్నె, 1962. శుక్రవారం, ఉదయం తొమ్మిది.

"ప్రాణాలతో దొరక్కపోయినా ఫర్వాలేదు," అన్నాడు చీఫ్ కెనాన్ బేయ్, ఫోటో బల్లమీద పెడుతూ.

ఏజెంట్ జెవ్దెత్ దాన్ని చేతిలోకి తీసుకోలేదు. ఫెర్హుందె. దురాక్ పాషా మసీదు మరమ్మతులు చూస్తున్న ఆర్కిటెక్టు. ఆరేళ్లుగా తమ డిపార్ట్‌మెంటుకి రహస్యాలు చేరవేస్తున్న మనిషి. అందులో నాలుగేళ్లు, పెళ్లాడతానని అతను వెంటపడ్డ మనిషి. ఆమె సరిహద్దు అవతలి గూఢచారులకీ పనిచేస్తోందని నిన్ననే తేలింది. మధ్యాహ్నం నమాజుకి ఇద్దరు మంత్రులు వస్తున్నారు. బాంబు మసీదులోనే ఎక్కడో ఉంది; నమాజు ఆపితే ఆమె జాగ్రత్తపడుతుందని చీఫ్ ఆపనివ్వలేదు.

అది ఎక్కడుందో జెవ్దెత్‌కి తట్టింది. గుమ్మటం లోపల సున్నంలో, మూతులు కిందికి తెరిచి పొదిగిన మట్టికుండల్ని ఒకప్పుడు ఆమే చూపించింది. నాలుగొందల ఏళ్ల కిందటి మేస్త్రీల పని. ఇమాము గొంతు వాటిల్లో తిరిగి చివరి వరుసదాకా మెత్తగా దిగుతుంది. యుద్ధంలో ఫిరంగి గుండు తగిలినా గుమ్మటం బీటలువారిందే తప్ప కూలలేదని చెబుతూ ఆరోజు ఆమె కళ్లు తుడుచుకుంది.

పన్నెండున్నర. సున్నం మరకల బట్టల్లో, తాపీ పట్టుకుని అతను పరంజా ఎక్కాడు. కింద ఇమాము ప్రసంగం నడుస్తోంది. పైన ఫెర్హుందె ఒక కుండలోకి మోచేతిదాకా చేయి పెట్టి ఉంది.

ట్రైనింగ్ అతన్ని ఆలోచించనివ్వలేదు. సైలెన్సర్ చిన్నగా దగ్గింది.

ఆమె పలకల మీద కూలబడింది. చేతిలోంచి తీగలు కోసే కట్టర్ జారిపడింది.

జెవ్దెత్ కుండలోకి చూశాడు. మూడు తీగలు. ఒకటి అప్పటికే తెగి ఉంది. టైమర్‌లో నలభై సెకన్లు.

"తమ్ముణ్ణి సరిహద్దు అవతల జైల్లో పెట్టుకుని చేయించారు," అందామె మెల్లగా. "మనుషుల్ని మోసం చేయగలిగాను. దీన్ని కూల్చలేకపోయాను. నల్లది కొయ్యి. ఎర్రది ముట్టుకోకు."

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా ఫెర్హుందె."

"నువ్వెప్పుడూ పెళ్లి గురించే అడిగేవాడివి."

మాన్యువల్ ప్రకారం ఎర్రది కొయ్యాలి. జెవ్దెత్ నల్లది కోశాడు. టైమర్ రెండు దగ్గర ఆగింది.

కింద నమాజు మొదలైంది. వందలమంది నుదుళ్లు ఒక్కసారిగా తివాచీని తాకాయి. వాళ్లు తిరిగి లేచేలోపు, అతని ఒళ్లో ఆమె ఊపిరి ఆగిపోయింది.

సాయంత్రం చీఫ్ రిపోర్టు రెండుసార్లు చదివాడు. ఆరేళ్లు మనల్ని నమ్మించి మోసం చేసిన మనిషి మాటమీద మాన్యువల్ ఎలా పక్కన పెట్టావని అడిగాడు.

"నాతో ఎన్ని అబద్ధాలాడిందో తెలీదు సార్," అన్నాడు జెవ్దెత్, తుపాకి బల్లమీద పెట్టి. "మసీదు సంగతిలో మాత్రం ఒక్కటీ ఆడలేదు."